మాయా కవచానికి ఏసీ పెంచకండి, సెగ పెట్టండి

[తెర మీద: బల్ల, డైస్, ఒక క్యారెక్టర్ షీట్]

నమస్తే అండీ, విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. బల్ల చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ కథ నడిపించే ఫాంటసీ టేబుల్‌టాప్ గేమ్‌లో, తొడుక్కోగానే మామూలు మనిషికి ఎక్కడలేని బలం వచ్చే మాయా కవచం ఒకటి ఈ వీడియోలో మొదటినుంచీ డిజైన్ చేద్దాం. లెక్కలన్నీ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 రూల్స్ ప్రకారం చెప్తాను, మా బల్ల దగ్గర నడిచేది అదే. మీరు వేరే గేమ్ ఆడుతుంటే అంకెలు మార్చుకోండి, పద్ధతి అదే.

కవచం అనగానే ఎవరి చెయ్యయినా ముందు ఏసీ మీదకే, అంటే ఆర్మర్ క్లాస్ మీదకే పోతుంది, దెబ్బ తగలాలంటే శత్రువు చేరాల్సిన అంకె అది. ప్లేట్ ఆర్మర్‌కి 18 కదా, మాయాకవచం కాబట్టి 23 ఇచ్చేద్దాం అంటారు. వద్దు. ఎందుకో లెక్క చూడండి.

[తెర మీద: డీ20, పక్కన అంకెలు]

ఇరవై ముఖాల డైస్ మీద పడినదానికి 5 కలుపుకునే, అంటే ప్లస్ 5 అటాక్ ఉన్న రాక్షసుడికి 18 ఏసీని కొట్టాలంటే డైస్ మీద 13 పడాలి, అంటే నూటికి 40 సార్లు తగులుతుంది. ఏసీ 23 అయితే 18 పడాలి, నూటికి 15 సార్లే. బాగుంది అనుకుంటారు, కానీ రెండు సెషన్లయ్యాక డీఎంకి, అంటే ఆట నడిపించేవాడికి, చిరాకొస్తుంది, ఈ కవచంవాడికి దెబ్బే తగలడం లేదని ప్లస్ 10 ఉన్న రాక్షసుణ్ణి దింపుతాడు. కవచంవాడికి మళ్లీ 40 శాతానికి వచ్చింది, సరే. పక్కనే ఏసీ 14తో నిలబడ్డ దొంగ పాత్ర సంగతి? ఇంతకుముందు అతనికి నూటికి 60 సార్లు తగిలేది, ఇప్పుడు 85. ఒకడికి కవచం ఇచ్చాం, దెబ్బలు మాత్రం మిగతా ముగ్గురికి పంచాం. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకి ఇది మాటల్లో చెప్పడం రాకపోయినా ఎక్కడో అన్యాయం జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది.

2020లో వచ్చిన ఆర్టిఫిసర్ ఆర్మరర్ అనే కవచాల పాత్రని చూడండి. అందులో గార్డియన్ కవచం చేతితొడుగుతో ఎవరినైనా కొడితే, ఆ శత్రువు తర్వాత ఇంకెవరి మీద దాడిచేసినా డిసడ్వాంటేజ్, అంటే డైస్ రెండుసార్లు వేసి తక్కువ పడినదే తీసుకోవాలి. అంటే "వాళ్ల జోలికి పోకు, నా దగ్గరికి రా" అనే పని కవచమే చేసిపెడుతోంది. తోటివాళ్లకి పనికొచ్చే కవచం అంటే అది. నాకు చాలా నచ్చిన డిజైన్.

ఇప్పుడు మన కవచం. ఏసీ 18 దగ్గరే ఆపేస్తున్నాం. బలం ఎక్కడ పెట్టాలి అన్నది ప్రశ్న, దానికి జవాబు నిజం కవచాల్లోనే దొరుకుతుంది. గేమ్‌లో ప్లేట్ బరువు 65 పౌండ్లు, దాదాపు 29 కిలోలు. మధ్యయుగాల్లో యూరప్ యోధులు యుద్ధంలో వేసుకున్న పూర్తి కవచాలు సాధారణంగా 15 నుంచి 25 కిలోల మధ్యలో ఉండేవి, ఆ బరువు ఒళ్లంతా పంచుకుని ఉండేది కాబట్టి అలవాటున్నవాడు పరుగెత్తగలడు, గుర్రం ఎక్కగలడు. అయితే 2011లో లీడ్స్ యూనివర్సిటీ పరిశోధకులు అలాంటి కవచాలు వేసుకున్న మనుషుల్ని ట్రెడ్‌మిల్ మీద నడిపించి కొలిస్తే, నడకకి మామూలు కంటే రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతోందని తేలింది. అదే బరువు వీపుకి మూట కట్టుకుంటే అంత అలసట రాదు, ఇక్కడ కాళ్లకున్న ఇనుముని అడుగడుగునా ఊపుకోవాలి కదా. అందుకని మన మాయ ముందు కాళ్లలోకి వెళ్లాలి. చేతులు తర్వాత.

ఇక చేతుల బలం. కోడి రామమూర్తి నాయుడుగారు గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి, అలాంటివాళ్లకి ఈ కవచంతో పనే లేదు. ఇది బక్కవాడి కోసం. కాబట్టి "స్ట్రెంత్‌కి ప్లస్ 4" అని రాయకండి, "స్ట్రెంత్ 19 అవుతుంది" అని రాయండి. గాంట్లెట్స్ ఆఫ్ ఓగర్ పవర్ అనే మాయా చేతితొడుగుల పద్ధతి ఇదే. స్ట్రెంత్ 18 ఉన్నవాడికి దీనివల్ల ఒక్క పాయింటే లాభం, 8 ఉన్నవాడికి జీవితమే మారిపోతుంది.

[తెర మీద: షీట్ మీద పెట్టిన ఎర్రటి ఆరు ముఖాల డైస్]

అసలు సంగతికి వచ్చాం. ఈ శక్తికి వెల ఏంటి? చాలామంది రోజుకి మూడు ఛార్జీలు, అంటే మూడుసార్లే వాడొచ్చు, అని పెడతారు. ఛార్జీలు ఇస్తే ఆటగాళ్లు వాటిని దాచుకుంటారు, చివరి రాక్షసుడు వచ్చేదాకా తియ్యరు, అప్పటిదాకా అది మాయాకవచమని ఎవరికీ గుర్తుండదు. నేను సెగ పెడతాను. మే నెలలో మన ఊళ్లో మధ్యాహ్నం హెల్మెట్ పెట్టుకుని బండి నడిపినవాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

షీట్ మీద ఒక డైస్ ఉంచండి, అదే సెగ. ముప్పై అడుగులు గెంతాలంటే ఒక సెగ పెరుగుతుంది. ఈ టర్న్‌కి స్ట్రెంత్ 19 కావాలంటే ఇంకొకటి. పక్కనున్న స్నేహితుడి మీదకి వచ్చే దెబ్బకి రియాక్షన్‌తో, అంటే మీ టర్న్ కాకపోయినా, అడ్డుపడితే రెండు, ఆ దెబ్బ అతని ఏసీకి కాకుండా మీ ఏసీకి లెక్క. ఏమీ వాడని టర్న్‌లో ఒకటి తగ్గుతుంది. ఆరుకి చేరిందా, కవచం బిగుసుకుపోతుంది, మళ్లీ మూడుకి దిగేదాకా కదలడం, శక్తులు వాడడం కుదరదు, ప్రతి టర్న్ మొదట్లో డీసీ 15 కాన్‌స్టిట్యూషన్ సేవ్, అంటే డైస్‌కి ఒంటి సత్తువ కలిపి 15 చేరాలి, తప్పితే 2డీ6, అంటే రెండు ఆరు ముఖాల డైస్ మీద పడినంత, ఫైర్ డ్యామేజీ.

ఇది బల్ల మీద ఎలా ఉంటుందో వినండి. మా క్యాంపెయిన్‌లో కవచం మా పిన్ని కొడుకు దగ్గర ఉంది. సెగ నాలుగు మీద ఉంది. పక్కన మాంత్రికురాలు, ఏసీ 12, చేతిలో మిగిలిన ప్రాణం ఏడు హిట్ పాయింట్లు. ఓగర్ అనే రాక్షసుడు గద ఎత్తాడు. మావాడు డైస్ వైపు చూసి, ఆమె వైపు చూసి, "అప్పా, అడ్డం పడితే బిగుసుకుపోతాను కదా?" అన్నాడు. అవునన్నాను. "పోనీలే, బిగుసుకుపోనీ" అని డైస్‌ని ఆరుకి తిప్పేశాడు. ఆ తర్వాత మూడు టర్న్‌లు మిగతావాళ్లంతా కలిసి కదల్లేని కవచాన్ని కాపాడుకోవలసి వచ్చింది, ఆ మాంత్రికురాలయితే వాడి ముందు నుంచి జరగలేదు. ఏసీ 23 ఇచ్చి ఉంటే వాడు అలా ఆలోచించే అవసరమే వచ్చేది కాదు.

వేడి దించుకోవడానికి ఇంకో దారి కూడా ఉండాలి, లేకపోతే కవచం శిక్షలా తయారవుతుంది. వీపు మీద ఇత్తడి రెక్కలు పెట్టాను. ఒక యాక్షన్ ఖర్చుపెట్టి వాటిని తెరిస్తే మూడు సెగలు ఒకేసారి తగ్గుతాయి, కానీ తర్వాతి టర్న్‌దాకా ఏసీ 15. బిగుసుకుపోయినా రెక్కలు తెరవొచ్చు. ఇత్తడే ఎందుకంటే, అది మామూలు ఉక్కు కంటే రెండింతలు వేగంగా వేడిని బయటికి లాగేస్తుంది, మెత్తన కాబట్టి ఛాతీ మీద దెబ్బకి ఆగదు. అందుకే ముందు ఉక్కు, వెనక ఇత్తడి. మా కథలో ఆ రెక్కలు కొట్టే కంసాలుల ఊరికి శ్రీకాకుళం జిల్లా బుడితి ప్రేరణ. లోపల చెమట పీల్చడానికి పొందూరు నేతలాంటి సన్న ఖద్దరు, దాని మీద దట్టంగా కుట్టిన మోటు నూలు పొరలు. ఇవి షీట్ మీద అంకెలుగా రావు, అయినా రెక్కలు పాడైతే బాగుచేయించుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో మీ జట్టుకి తెలుస్తుంది, అక్కడినుంచి మీకో కథ పుడుతుంది.

నీళ్లలోకి దిగితే సెగ సున్నా. ఆవిరి మాత్రం చుట్టూ పదడుగులు కమ్మేస్తుంది, అటువాళ్లకీ ఇటువాళ్లకీ ఏమీ కనపడదు. ఈ ఒక్క రూల్ వల్ల మీ మ్యాపుల్లో చెరువులకీ గెడ్డలకీ విలువొస్తుంది.

శత్రువుల సంగతి ఒక మాట. లోహాన్ని కాల్చే హీట్ మెటల్ మంత్రం తగిలితే దాని 2డీ8 డ్యామేజీతో పాటు సెగ ఒకటి పెంచండి, ప్లేట్ విప్పడానికి అయిదు నిమిషాలు పడుతుంది కాబట్టి అది నిజంగానే భయంకరం. అలాగని ప్రతి ఊళ్లోనూ ఆ మంత్రం తెలిసినవాణ్ణి పెట్టకండి, ఇచ్చిన కవచాన్ని మీరే లాక్కున్నట్టు ఉంటుంది. మాయ పనిచెయ్యని యాంటీమ్యాజిక్ ఫీల్డ్‌లో అయితే అది వట్టి ఇనుము, స్ట్రెంత్ 15 లేనివాడికి స్పీడ్ పదడుగులు తగ్గిపోతుంది.

లెవెల్ పెరిగేకొద్దీ ఏం ఇవ్వాలి అంటే, సెగ తగ్గించే కొత్త దారులు ఇవ్వండి. ఏడో లెవెల్‌లో పక్కవాడు తన యాక్షన్ ఇచ్చి మీ రెక్కలు తెరవగలగడం, పదో లెవెల్‌లో పోగైన సెగనంతా ఒకేసారి నిప్పుగాలిలా శత్రువుల మీదకి వదలడం, ఎంత సెగ ఉంటే అన్ని డీ6లు.

వేసుకున్నవాడు స్పృహ తప్పితే కవచం పడిపోదు, నిలబడే ఉంటుంది. స్నేహితులెవరైనా వెనకనుంచి తోస్తే వాళ్ల స్పీడ్‌లో సగంతో అదే నడుస్తుంది, లోపలి మనిషిని మోసుకుంటూ.