చలిలో మేల్కొనే అయస్కాంతం

ఆకాశవాణి కడప శ్రోతలకు నమస్కారం.

దారం కట్టిన అయస్కాంతాన్ని పెన్నా ఇసుకలో ఈడుస్తూ తిరిగిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. పైకి తీస్తే నల్లటి రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకుని ఉండేవి. వేలితో అదిమితే వంగి, వదిలితే మళ్లీ లేచేవి. అది ఇనుప ఖనిజం సంగతి. గాలి కంటే వేల రెట్లు పలచనైన వాయువు కూడా అలా మెలగుతుందంటే నమ్మగలరా? మెలగుతుంది. దానికి కావలసింది చలి.

మైనస్ 273 డిగ్రీల దగ్గర పరమశూన్యం ఉంది. అంతకు మించిన చలి లేదు. ఆ హద్దుకు డిగ్రీలో కోటో వంతు దూరం వరకూ పరమాణువులను తీసుకుపోతారు. ముందు లేజర్ కాంతితో వాటి వేగాన్ని అణచివేస్తారు. తర్వాతిది మన ఎండాకాలపు కుండ కథే. కుండ చెమర్చినప్పుడు వేడి కణాలు ఆవిరై పోతాయి, లోపలి నీళ్లు చల్లబడతాయి. ఇక్కడ కుండను కాంతితోనే కడతారు. దాని అంచును కొద్దికొద్దిగా దించితే ఉరకలు వేసే పరమాణువులు దూకి వెళ్లిపోతాయి, నెమ్మదైనవి మిగులుతాయి.

అలా మిగిలినవి ఒకే అలగా కలిసిపోతాయి. 1924లో సత్యేంద్రనాథ్ బోస్ ఢాకా నుంచి ఐన్‌స్టీన్‌కు పంపిన లెక్కే దీనికి మూలం. 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో రుబీడియం అనే లోహపు పరమాణువులతో అది నిజమైంది.

అయితే రుబీడియం బలహీనమైన అయస్కాంతం. డిస్ప్రోసియం అనే లోహపు పరమాణువు దానికి పది రెట్లు బలమైనది. కాబట్టి రెండు పరమాణువుల మధ్య లాగుడు వంద రెట్లు పెరుగుతుంది. తలా తోకా కలిస్తే దగ్గరవుతాయి, పక్కపక్కన నిలబడితే నెట్టుకుంటాయి. వేడిలో ఈ లాగుడు సంతలో గుసగుసలా కలిసిపోతుంది. చలిలో వినబడుతుంది. 2016లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, అయస్కాంత క్షేత్రాన్ని సవరించగానే డిస్ప్రోసియం మేఘం చిన్నచిన్న బిందువులుగా విడిపోయింది. బిందువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ముగ్గు చుక్కల్లా సమదూరాన నిలిచాయి. నాకు ఈ సంగతిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇది: పాత లెక్కల ప్రకారం ఒక్కో బిందువూ తన లాగుడుకు తానే కుప్పకూలాలి. కూలలేదు. పరమశూన్యం దగ్గర కూడా ఆగని క్వాంటం కదలికే దాన్ని లోపలి నుంచి నిలబెట్టింది.

2019లో ఇటలీలోని పీసా, జర్మనీలోని స్టుట్‌గార్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ ప్రయోగశాలలు మరో అడుగు వేశాయి. అక్కడి బిందువులు స్ఫటికంలా వరుస తప్పలేదు. అయినా ఒక బిందువులోని పరమాణువులు పక్కదానిలోకి ఏ రాపిడీ లేకుండా పారుతూనే ఉన్నాయి.