వృత్తి అనే గడిలో ఏం రాయాలి?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన సమయం దానికే సరిపోతుంది, కాబట్టి అందరికీ కలిపి ఒకే నమస్కారం. ఇంటి సామాన్ల బీమా గురించి మాట్లాడమన్నారు. నేను మాట్లాడేది ఎక్కువగా దరఖాస్తులోని ఒక్క గడి గురించే. ‘వృత్తి’ అనే గడి.

ఇల్లు చక్కబెట్టుకునేవాళ్లు, మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తున్నవాళ్లు, రిటైరైనవాళ్లు, జబ్బుచేసి పని మానుకున్నవాళ్లు, ఉద్యోగం పోయి వెతుక్కుంటున్నవాళ్లు ఆ గడి దగ్గరకొచ్చేసరికి కలం ఆపేస్తారు. జీతం లేదు కదా, మనకెవరిస్తారులే అని కాగితం మడిచి పక్కన పెట్టేస్తారు. దయచేసి మడవకండి. సామాన్ల బీమాకు ఆధారం జీతం కాదు, సొంతదనం. ఆ బీరువా మీదైతే, అది కాలిపోతే నష్టం మీదైతే, బీమా అడగడానికి అంతకన్నా అర్హత అక్కర్లేదు.

మరి వృత్తి ఎందుకడుగుతారు? రేటు కట్టడానికి. పాత క్లెయిముల లెక్కలు చూసుకుని వృత్తిని బట్టి ప్రీమియం మార్చే కంపెనీలున్నాయి, ఆ సంగతే పట్టించుకోనివీ ఉన్నాయి. అందుకే కనీసం మూడు చోట్ల, ఒకే వివరాలతో, ఒకే మొత్తానికి అడగండి. ఎవరైనా కాదంటే ఎందుకు కాదన్నారో రాసిమ్మనండి. ‘ఇంతకుముందు ఎవరైనా నిరాకరించారా’ అని తర్వాతి దరఖాస్తులో అడిగితే మాత్రం దాచకండి.

‘నిరుద్యోగి’ అనే మాట దగ్గర నాకు బాధ. పొద్దున్నుంచి రాత్రి దాకా ముసలివాళ్లను చూసుకునే మనిషిని నిరుద్యోగి అనడమేమిటి? ఆ గడికిచ్చే వృత్తుల జాబితాలో గృహిణి, సంరక్షకులు, పింఛనుదారు, విద్యార్థి అని విడివిడిగా ఉంటాయి, చివరిదాకా చూడండి. మీ నిజానికి దగ్గరున్న మాట ఎంచుకోండి. ఏదీ సరిపడకపోతే ఫోన్ చేసి మీ పరిస్థితి చెప్పి, వాళ్లేం నమోదు చేశారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. పోయిన ఉద్యోగం పేరు మాత్రం రాయొద్దు. ఈ రోజు ప్రీమియం కాస్త తగ్గొచ్చు. రేపు ఇల్లు తగలబడ్డాక నష్టం లెక్కకట్టే సర్వేయర్ వచ్చి ఆ ఒక్క మాట పట్టుకుంటే క్లెయిములో కోత పడొచ్చు, మొత్తం పాలసీయే చెల్లదనొచ్చు. పాలసీ నడుస్తుండగా ఉద్యోగం పోయినా ఆ మార్పు చెప్పాలో లేదో షరతుల్లో చూసుకోండి.

నిజం చెప్పాలన్న నియమం మనకొక్కరికేనా? కాదు. ఇది చెప్పకుండా ముందుకు వెళ్లలేను. సుమత్రా దీవిలో మార్ల్‌బరో కోట అని ఒకటి ఉంది. శత్రువుల చేతిలో పడితే డబ్బివ్వాలని దాని గవర్నర్ జార్జి కార్టర్ తరఫున లండన్‌లో బీమా చేయించారు. 1760లో ఫ్రెంచివాళ్లు వచ్చి పట్టుకున్నారు. బీమా ఇచ్చినాయన ఏమన్నాడు? కోట బలహీనంగా ఉందని మాకు చెప్పలేదు, ఇవ్వం అన్నాడు. 1766లో ఇంగ్లండు న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ కార్టర్ పక్షాన తీర్పిచ్చాడు. బీమాలో చిత్తశుద్ధి ఇద్దరికీ ఉండాలని, అన్నీ తెలిసే ఒప్పుకుని తర్వాత దాన్నే సాకుగా చూపకూడదని దాని సారం. రెండున్నర శతాబ్దాల నాటి మాట! అడగలేదు కదా అని మిమ్మల్ని దాచమనడం లేదు, చట్టాలు దేశానికొక తీరుగా ఉన్నాయి. మీరు అన్నీ చెప్పి, చెప్పినట్టు రుజువు ఉంచుకుంటే, తలవంచుకుని నిలబడాల్సిన అవసరం లేదంటున్నాను.

పైగా మీది పగలంతా మనిషి ఉండే ఇల్లు. వాషింగ్ మెషీన్ వెనక పైపు ఊడితే, వంటింట్లో ఉన్న మనిషికి చప్పుడు వినబడుతుంది, కుళాయి కట్టేస్తుంది. తాళం వేసిన ఇంట్లో సాయంత్రం దాకా నీళ్లు పారి, మంచం కోళ్లు నాని, కింది వాటాలోకి కారుతుంది. పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా అని అడిగే చోట ఈ సంగతి తప్పకుండా రాయండి.

ఎక్కడున్నాం? విలువ గురించి. ఆదాయం లేదని చాలామంది తక్కువ మొత్తానికి రాస్తారు. సామాన్లు 100 వంతులు ఉంటే 60 వంతులకే బీమా చేశారనుకోండి. 20 వంతులు పాడైతే, దామాషా షరతు, అంటే ఎంత వంతుకు బీమా చేస్తే నష్టంలోనూ అంత వంతే ఇస్తామనే షరతు, ఉన్న పాలసీలో 60 శాతమే లెక్క, అంటే 12. మీ వాటాగా భరించాల్సిన డిడక్టబుల్ 2 ఉంటే చేతికొచ్చేది 10. సగం! కాబట్టి గది గదికీ వెళ్లి రాయండి. బీరువా తలుపు తీసి ఒక ఫొటో, ఫ్రిజ్ వెనక సీరియల్ నంబరున్న రేకుకు ఒకటి. అందరూ టీవీ రాస్తారు, దుప్పట్లు, గిన్నెలు, కర్టెన్లు మరిచిపోతారు. కొత్తది కొనే ధర ఇస్తారా, వాడకం తరుగు తీసేసి ఇస్తారా అన్నది ముందే అడగండి. పదేళ్ల సోఫాకు ఆ రెంటికీ చాలా తేడా. నగలకు ఒక్కో వస్తువుకు ఇంతేనన్న పరిమితి ఉంటుంది, అది దాటితే విడిగా పేరు రాయించాలి.

జీతం లేనివాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కులు ఇంకొన్ని. అమ్మను చూసుకోవడానికి నెలల తరబడి వేరే ఊరు వెళ్తారు. ఇల్లు వరుసగా 30 రోజులు, కొన్నిటిలో 60 రోజులు ఖాళీగా ఉంటే దొంగతనం, నీటి నష్టం వర్తించవనే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. వెళ్లేముందే చెప్పండి. ఇంట్లో బట్టలు కుట్టి నాలుగు డబ్బులు సంపాదిస్తుంటే, ఆర్డర్ల గుడ్డలు మామూలు సామాన్ల కిందికి రాకపోవచ్చు, అదీ చెప్పండి. గదులు పంచుకుని ఉంటే, తాళం పగలగొట్టిన గుర్తులుంటేనే దొంగతనం లెక్కలోకి తీసుకుంటారు చాలాచోట్ల.

అమ్మల్లారా, ఈ మాట మీకే. పాలసీ భర్త పేరు మీదే ఉంటే ప్రమాదం రోజున ఫోన్ మీరు చేసినా వాళ్లు మీతో మాట్లాడకపోవచ్చు, డబ్బూ ఆయన ఖాతాకే వెళ్తుంది. ఇద్దరి పేర్లూ రాయించండి. వాయిదాల్లో కడితే మొత్తం మీద ఎక్కువవుతుందా చూడండి. తప్పనిసరైతే, చేతికి డబ్బొచ్చే తేదీ తర్వాత రెండు రోజులకు వాయిదా పెట్టించండి. ఒక్కటి తప్పి పాలసీ రద్దయితే ఆ మధ్యలో జరిగిన నష్టానికి దిక్కుండదు.

ఖాళీ దరఖాస్తులు కొన్ని తెచ్చాను. వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు, ఉన్నవాళ్లు ఇటు బల్ల దగ్గరికి రండి. వృత్తి గడి ఇప్పుడే కలిసి నింపుదాం.