బి, ఎ, టి కలిస్తే 'బ్యాట్' ఎలా అవుతుంది?

(గుంటూరులో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

టీచర్లకు, మాస్టార్లకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన అమ్మలకు నమస్కారం.

రేపు బడికి వెళ్లగానే ఒక పని చేసి చూడండి. మీ రెండో తరగతిలో ఇంగ్లిష్ పాఠం గడగడా చదివే పిల్లను పిలవండి. ఏ పుస్తకంలోనూ లేని మాటలు నాలుగు బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాయండి: 'మిప్', 'టెబ్', 'న్యాఫ్', 'సుగ్'. వీటికి అర్థం లేదమ్మా, ఊరికే చదువు అని చెప్పండి. చదివిందంటే ఆ పిల్లకు చదవడం వచ్చినట్టే. మీ ముఖం వంక చూస్తూ నిలబడిపోయిందంటే, ఇన్నాళ్లూ పాఠాన్ని విని గుర్తుపెట్టుకుని అప్పజెప్పిందన్నమాట.

ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఐదారేళ్ల పిల్లలకు సరిగ్గా ఇలాంటి పరీక్షే పెడుతున్నారు. మొత్తం 40 మాటలు, అందులో 20 అర్థం లేనివి. అర్థం లేని మాటను ఎవరూ బట్టీ పట్టి ఉండరు కాబట్టి, అక్షరాలను ధ్వనులుగా మార్చగలిగినవాళ్లే దాన్ని చదువుతారు.

మన పిల్ల ఎందుకు ఆగింది? మనం 'ఎ ఫర్ యాపిల్, బి ఫర్ బాల్' అని నేర్పాం. అంటే అక్షరం పేరు, పక్కన ఒక బొమ్మ. బి, ఎ, టి అని మూడు పేర్లు ఎన్నిసార్లు వరసగా పలికినా 'బీయేటీ' వస్తుంది తప్ప 'బ్యాట్' రాదు. అది బ్యాట్ అని మనం చెప్తాం, తెలివైన పిల్ల గుర్తు పెట్టుకుంటుంది. ఒకటి, రెండు తరగతుల్లో ఆ జ్ఞాపకం సరిపోతుంది. మూడుకు వచ్చేసరికి మాటలు పెరుగుతాయి, జ్ఞాపకం చాలదు. 'ఈ పిల్లకు ఇంగ్లిష్ రాదు' అని మనం తేల్చేసేది అప్పుడే. నాకు చాలా బాధ కలిగించే మాట అది.

అక్షరాల ధ్వనులు కలుపుకుంటూ చదవడం నేర్పే పద్ధతిని ఫోనిక్స్ అంటారు. అందులో ముందు అక్షరం పేరు జోలికి పోరు, దాని ధ్వని నేర్పుతారు. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలకు సుమారు 44 ధ్వనులు. అన్నీ ఒకేసారి కాదు, ఎ నుంచి జెడ్ దాకా వరసగానూ కాదు. ఎక్కువగా ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెడతారు. ఈ ఆరూ వస్తే పిన్, టిన్, ట్యాప్, సిట్, ప్యాన్ లాంటి మాటలు పిల్లలు సొంతంగా చదివేస్తారు. మొదటి నెలలోనే 'నేను చదివాను' అనే సంతోషం వాళ్లకు దక్కుతుంది.

ఇక్కడిదాకా ఏ ట్రైనింగ్‌లోనైనా చెప్తారు. తెలుగు పిల్లల దగ్గర వచ్చే అసలు చిక్కు గురించి మాత్రం ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. మన అక్షరంలో హల్లుతో పాటు అచ్చు కలిసే ఉంటుంది. 'పలక' అంటే మన పిల్లలకు ప, ల, క. అందుకని ఇంగ్లిష్ 'బి' ధ్వనిని 'బ' అని, 'టి' ధ్వనిని 'ట' అని పలుకుతారు. కలపమంటే 'బ్యాట' అంటారు. పిల్లలే కాదు, ఫోన్‌లో వచ్చే ఫోనిక్స్ వీడియోల్లోనూ 'క, ట, ప' అని అకారం కలిపి పలకడం తరచుగా వింటుంటాం. వాటిని చూసి నేర్చుకున్న పిల్లలకు ధ్వనులన్నీ వస్తాయి, మాట మాత్రం రాదు. టీచరుకు టెన్షన్, పిల్లలకు విసుగు.

కన్నడ లిపి కూడా మనలాంటిదే. కన్నడ పిల్లల చదువు మీద సోనాలి నాగ్ పరిశోధన 2007లో వచ్చింది. మాటను అక్షరాలుగా విడగొట్టడం ఆ పిల్లలకు తొందరగానే వచ్చింది. ఒక్కో అక్షరంలో ఉన్న హల్లును, అచ్చును విడదీసి వినడం మాత్రం చాలా నిదానంగా వచ్చింది. అంటే మన పిల్లలకు ఆలస్యమైతే అది మందబుద్ధి కాదు. వాళ్ల చెవికి అలవాటైన కొలత వేరు.

దీనికి మందు మన లిపిలోనే ఉంది: పొల్లు. బ్, ట్, ప్, న్. అకారం లేని హల్లును ఇంత స్పష్టంగా రాసి చూపించే వీలు మనకుండగా ఎందుకు వాడుకోం? ఇంగ్లిష్ 'టి' కింద 'ట' అని కాకుండా 'ట్' అని రాయండి. ముందు సాగదీయడానికి వీలైన ధ్వనులు తీసుకోండి: స్‌స్‌స్, మ్‌మ్‌మ్, న్‌న్‌న్. ట్, ప్, బ్ సాగవు. వాటిని ముక్తసరిగా, చివర అకారం కలపకుండా పలికి వదిలేయాలి.

రాతకన్నా ముందు చెవి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఇంగ్లిష్ మాటలకు కూడా ఇంట్లో ఉకారం తగిలిస్తాం. బస్సు, పెన్ను, కప్పు, మగ్గు, నెట్టు, బ్యాగు. చాలామంది దీన్ని తప్పుగా చూసి పిల్లల్ని కసురుతారు. నాకైతే ఇది బంగారం లాంటి సామగ్రి. 'పెన్నులో చివరి ఉ తీసేస్తే ఏం మిగులుతుంది?' అని అడగండి. 'పెన్' అంటారు. 'ఆఖర్న ఏం వినపడింది?' 'న్.' పుస్తకం, పలక ఏవీ అక్కర్లేదు, ప్రార్థన అయ్యాక పది నిమిషాలు చాలు. ఈ ఆటలో ఇంకో లాభం కూడా ఉంది. ఆ మాటల అర్థం పిల్లలకు ముందే తెలుసు.

అర్థం సంగతి ఎందుకంటున్నానంటే, స్కాట్లండ్‌లోని క్లాక్‌మనన్‌షైర్‌లో ఫోనిక్స్ నేర్చుకున్న పిల్లలను ఏడేళ్లు గమనించి 2005లో నివేదిక ఇచ్చారు. ప్రాథమిక బడి పూర్తయ్యేసరికి, మాటలు చదవడంలో ఆ పిల్లలు తమ వయసుకన్నా మూడున్నరేళ్లు ముందున్నారు. చదివింది అర్థం చేసుకోవడంలో ముందున్నది మూడున్నర నెలలే. ఇంగ్లిష్ ఇంటి భాషగా ఉన్నచోటే ఇలా ఉంటే మన పల్లెల్లో సంగతి ఆలోచించండి. ధ్వనులు కలిపి చదవడం ఒక పని, భాష తెలియడం ఇంకో పని. రెండోదానికి కథలు చెప్పాలి, మాట్లాడించాలి, మొదట్లో తెలుగులోనే వివరించాలి. మన రాష్ట్రంలో ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా వచ్చిన పాఠ్యపుస్తకాలు ఇందుకు బాగా పనికొస్తాయి.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒకటో తరగతి మొదటి రోజు నుంచీ ఇంగ్లిష్ వినిపించండి, మాట్లాడించండి. చదివించడం మాత్రం తెలుగు అక్షరాలు, కొన్ని గుణింతాలు చేతికొచ్చాకే. రాసిన గుర్తుకు ఒక ధ్వని ఉంటుందనే సంగతి మన గుణింతం నేర్పినంత నమ్మకంగా ఇంగ్లిష్ స్పెల్లింగ్ నేర్పలేదు. 'సెడ్' (said), 'వజ్' (was) లాంటి మాటల స్పెల్లింగులు ఏ పద్ధతికీ లొంగవు. వాటిని కొద్దికొద్దిగా చూసి గుర్తుపెట్టుకోనివ్వండి.

చివరగా, మన జిల్లాకే ఉన్న ఒక కష్టం. సంక్రాంతి దాటితే మిరప కోతలు. మన పిల్లలు కొందరు అమ్మానాన్నలతో చేలకు పోతారు, కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన కూలీల పిల్లలు మన ఊళ్లకు వస్తారు. ఫోనిక్స్‌లో ఒక మెట్టు మీద ఇంకో మెట్టు ఉంటుంది. వారాల తరబడి రాని పిల్లను తీసుకొచ్చి అందరితో పాటు 'ష్' (sh), 'చ్' (ch) లాంటి, రెండు కలిసి ఒకే ధ్వని ఇచ్చే జంట అక్షరాల దగ్గర కూర్చోబెడితే ఏమీ అందదు. కాబట్టి హాజరు పట్టీలో ఒక కాగితం పెట్టుకుని, ఏ బిడ్డకు ఏ ధ్వని దాకా వచ్చిందో రాసి ఉంచండి. తిరిగొచ్చిన రోజు అక్కడి నుంచే ఎత్తుకోండి. కొత్తగా వచ్చిన వలస పిల్లకు మొదటి ఆరు ధ్వనులు అడిగి చూడండి. ఆ పిల్ల మన బడిలో ఉండేది కోతలయ్యేదాకానే కావచ్చు, ఆ ఆరూ నేర్పి పంపినా వృథా పోవు.

ఇప్పుడు ఎవరి నోట్‌బుక్ వాళ్లు తీయండి. మీ ఊళ్లో పిల్లల నోట రోజూ వినపడే ఇంగ్లిష్ మాటలు, మూడు ధ్వనులవి మాత్రమే, రాయండి. అమ్మలు నోటితో చెప్పినా సరే, మేం రాసుకుంటాం. అన్నీ కలిపి ఒక పట్టిక చేసి సాయంత్రానికి అందరికీ ఇస్తాం.