కొట్టు ఊళ్లో ఉంది సరే, ఫోన్‌లో ఉందా?

శ్రోతలకు నమస్కారం. ఇవాళ చిన్న వ్యాపారాలు చేసుకునే వాళ్లతో కాసేపు మాట్లాడదామనుకుంటున్నాను. టైలరింగ్ షాపు కావచ్చు, మోటార్లకు వైండింగ్ చేసే షెడ్డు కావచ్చు, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు కావచ్చు. ఆన్‌లైన్ మాటెత్తితే చాలు, "అవన్నీ పెద్ద కంపెనీలకండీ, మనకెందుకు" అంటారు. అలా అన్నాయన గల్లాపెట్టె పక్కనే క్యూఆర్ కోడ్ అట్ట నిలబెట్టి ఉంటుంది! 2016లో యూపీఐ వచ్చింది, ఇప్పుడు కూరగాయల బండి మీద కూడా ఆ అట్ట ఉంది. అంటే డబ్బులు ఫోన్‌లో తీసుకుంటున్నాం, అదే ఫోన్‌లో ఎవరైనా మన కోసం వెతికితే మాత్రం దొరకం.

పూతరేకుల సంగతే చూడండి. కోనసీమ జిల్లా ఆత్రేయపురంలో కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండిలో తడిపిన గుడ్డను దాని మీద పరిచి ఒక్క లాగు లాగుతారు, అంతే, కాగితం కంటే పలచటి రేకు కుండకు అంటుకుని వచ్చేస్తుంది. ఆ చెయ్యి తిరగడానికి ఎంతో అలవాటు కావాలి. ఈ పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదే అని చెప్పే ప్రభుత్వ ముద్ర, కూడా వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండే ఒకాయన పెళ్లి సారెలోకి ఆత్రేయపురం పూతరేకులు కావాలని ఫోన్‌లో వెతికాడనుకోండి. అతనికి ముందు కనబడేది ఎవరు? పేజీ పెట్టుకున్నవాళ్లు, ఫొటోలు పెట్టుకున్నవాళ్లు. వాళ్లు ఆ ఊరి వాళ్లే కావచ్చు, అక్కడ సరుకు కొని సొంత స్టిక్కర్ వేసుకుని అమ్మేవాళ్లూ కావచ్చు, అందులో తప్పేమీ లేదు, వ్యాపారం అది. కానీ పొయ్యి సెగకు ఎదురుగా కూర్చుని రేకు తీసే ఇంటి నంబరు ఎక్కడా లేకపోతే ఆ ఆర్డరు వాళ్ల దాకా నేరుగా ఎలా వస్తుంది? ఊరి పేరు ఆన్‌లైన్‌లో మారుమోగుతోంది, ఆ పేరు తెచ్చిన ఇల్లు మాత్రం అందులో లేదు.

నన్నడిగితే వెబ్‌సైట్, రీల్స్, డాన్సులు తర్వాతి మాట. ముందు గూగుల్ మ్యాప్స్‌లో మీ కొట్టు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీరు పెట్టకపోయినా మీ కొట్టు ఇప్పటికే అక్కడ ఉండి ఉండొచ్చు! వచ్చిపోయేవాళ్లు ఎవరైనా చేర్చొచ్చు కాబట్టి, పేరు సగం తప్పుగా, గుర్తు పక్క వీధిలో, ఫొటోలో మీ షాపు ముందు మురిక్కాలవ, వేళలు ఎవరికి తోచినవి వాళ్లు పెట్టినట్టు ఉంటాయి. ఇంకా ఘోరం ఏమిటంటే, రోడ్డు వెడల్పు చేసినప్పుడు మీరు నాలుగు అడుగులు పక్కకి మారితే పాత చోటు చూసినవాళ్లు "శాశ్వతంగా మూసేశారు" అని రాసిపెట్టడం. మీరు లోపల కూర్చుని బేరాలు పడిపోయాయేమిటా అని టెన్షన్ పడుతుంటారు.

దీన్ని మీ పేరు మీదకు తెచ్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. సాధారణంగా ఒక వీడియో తీసి పంపమంటారు: వీధి, బోర్డు, షట్టరు తాళం మీరే తీసి లోపలికి వెళ్లడం, ఇవి కనబడాలి. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, ఇంత కడితే మీ షాపు పైన చూపిస్తాం" అని ఫోన్లొస్తే పెట్టేయండి, మారుమాట వద్దు. పేరు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉండాలి, ఎందుకంటే బెంగళూరులో పెరిగిన మనవడు తెలుగులో టైపు చేయడు కదా.

రెండోది వాట్సాప్ బిజినెస్. 2018లో వచ్చింది, ఉచితం. అందులో కేటలాగ్ అని ఉంటుంది, సరుకు ఫొటో, ధర, బరువు పెట్టుకుంటే రోజుకు ఇరవైసార్లు "కేజీ ఎంతండీ" అనే ప్రశ్నకు జవాబు చెప్పే పని తప్పుతుంది. ధర దాచి "ఇన్‌బాక్స్ చేయండి" అనేవాళ్లంటే నాకు ఒళ్లుమంట, కొనేవాడికి అది అనుమానమే తప్ప ఆసక్తి కాదు. ఫొటో పగటి వెలుతురులో తీయండి. పచ్చడి అమ్మేవాళ్లయితే జాడీ ఫొటో ఒక్కటీ సరిపోదు, నూనె తేలిన పచ్చడి దగ్గరగా, ప్యాకెట్ మీద తయారైన తేదీ, పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు కనబడేలా ఇంకోటి పెట్టండి. పూతరేకులయితే డబ్బాలో ఎలా సర్దుతున్నారో చూపండి, కొరియర్‌లో నలిగి పొడైపోతుందేమోనన్నది కొనేవాళ్ల మొదటి భయం.

అందరికీ అన్నీ అక్కర్లేదు. నాలుగు రోడ్ల కూడలిలో టీ బండికి ఇన్‌స్టాగ్రామ్ లేకపోయినా నడుస్తుంది. అదే నాట్ల వేళ మోటారు కాలిపోయిన రైతుకు వైండింగ్ మేస్త్రి నంబరు ఆ రాత్రే కావాలి, అక్కడ మ్యాప్‌లో ఉన్నవాడికే పని దొరుకుతుంది. ఫాలోయర్లను నమ్ముకుని నంబర్లు రాసుకోకపోవడం మాత్రం ప్రమాదం. ఖాతా ఎవడో హ్యాక్ చేస్తే అన్నీ ఒక్క పూటలో పోతాయి. మీ దగ్గర కొనే పాతవాళ్ల నంబర్లు ఒక నోటు పుస్తకంలో ఉండనివ్వండి.

మోసాలూ ఉన్నాయి. మిలిటరీ ఆఫీసరునని చెప్పి యాభై కేజీల స్వీట్లు ఆర్డరిచ్చి, "అడ్వాన్సు పంపుతున్నా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. డబ్బు మనకు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే మీ డబ్బే పోతుంది. పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక రివ్యూలు. "నెయ్యి తక్కువైంది" అని ఎవరో ఒక్క స్టార్ ఇస్తే పోట్లాటకు దిగకండి, "ఈసారి చూసుకుంటామండీ, వచ్చేటప్పుడు చెప్పండి" అని రెండు ముక్కలు రాయండి, చదివే వందమంది ఆ జవాబునే చూస్తారు. అలాగే సంక్రాంతికి మూడు రోజులు కొట్టు కట్టేస్తే ఆ సెలవులు కూడా మ్యాప్‌లో పెట్టేయండి, ఎవరో పాపం పక్క ఊరి నుంచి ఆటో కట్టించుకుని వచ్చి మీ తాళం చూసి వెళ్లకుండా.