కిరాయి రెండు వేలు దాటితే
(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లు ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు కాబట్టి నేను మళ్లీ చెప్పను. పుస్తకాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. రాసుకునే వచ్చాను. కానీ లోపలికి వస్తుంటే రీడింగ్ హాల్లో కుర్చీ దొరక్క మెట్ల మీద కూర్చుని చదువుకుంటున్న పిల్లలు కనిపించారు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదివేవాళ్లు. ఒకమ్మాయిని పలకరిస్తే, "రూంలో నలుగురం ఉంటం సార్, పడకలు వేస్తే పుస్తకం పెట్టనీకి జాగ ఉండదు" అంది. ఆ మాట విన్నాక రాసుకొచ్చిన కాగితం తీయబుద్ధి కాలేదు. ఈ ఊళ్లో కిరాయిల గురించి మాట్లాడతాను. నిర్వాహకులు మన్నించాలి.

వనపర్తికి చదువుల కోసం బయటివాళ్లు రావడం కొత్త కాదు. రాజావారి ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ పెట్టిన 1959 నుంచీ వస్తూనే ఉన్నారు. అప్పట్లో పిల్లవాడికి ఒక గది ఇస్తే, పండక్కి వాడికీ ఇంత అన్నం పెట్టేవాళ్లు. 2016 అక్టోబర్ 11న, దసరా రోజున, మనం జిల్లా అయ్యాం. అందరితో పాటు నేనూ సంతోషపడ్డాను. ఇప్పటికీ అది మంచిదే అంటాను. కలెక్టరేట్ వచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది, 2022లో మెడికల్ కాలేజీ వచ్చింది. వచ్చిన ఉద్యోగులకు జీతంలో హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటి కిరాయి కోసం ఇచ్చే భత్యం ఉంటుంది. ఓనరు వాళ్లను చూసి రేటు పెడతాడు. ప్రైవేటు బడి టీచరు, బట్టల షాపులో నిలబడి పనిచేసే అమ్మాయి, ఔట్‌సోర్సింగ్ నర్సు, వీళ్లకు హెచ్‌ఆర్‌ఏ ఎవరిస్తారు? కానీ కట్టాల్సింది ఆ రేటే. ఊరు పెరిగిందని మురిసిపోతున్నాం. ఆ పెరుగుదలకు నెలనెలా పైసలు కడుతున్నది వీళ్లు.

ఓనర్ల బాధ నాకు తెలియనిది కాదు. లోన్లు తీసుకుని కట్టారు. కిరాయి ఎగ్గొట్టి రాత్రికి రాత్రి సామాను సర్దుకుపోయినవాళ్లూ ఉన్నారు. ఆ మాట అంటే కాదనను.

అయితే చట్టం ఏం చేస్తోంది అని అడుగుతారు. 1960లో వచ్చిన కిరాయి నియంత్రణ చట్టం తెలంగాణ పట్టణాల్లో ఇంకా ఉంది. న్యాయమైన కిరాయి నిర్ణయించడానికి రెంట్ కంట్రోలర్ ఉంటాడు. ఇష్టం వచ్చినట్టు ఖాళీ చేయించడానికి వీల్లేదు. చదివితే ఎంత బాగుంటుందో! కానీ 2005లో సవరించారు. కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన ఇళ్లకు ఈ చట్టం వర్తించదు. ఇప్పుడు చెప్పండి, ఈ ఊళ్లో రెండు వేలకు ఏం దొరుకుతుంది? రేకుల గది కూడా దొరకదు. అంటే చట్టం ఉంది, దాని కిందికి వచ్చే ఇల్లే లేదు. మిగిలేది పదకొండు నెలల అగ్రిమెంటు. సంవత్సరం లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు అనుకుని పదకొండు రాసుకుంటారు. చాలామందికి ఆ కాగితం కూడా ఉండదు, నోటిమాటే.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. నాలుగు పోర్షన్లకు ఒకటే మీటరు, లోపల సబ్‌మీటర్లు, యూనిట్‌కు పది రూపాయలు. సర్కారు గృహజ్యోతి పథకంలో తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం అంటారు, కిరాయిదార్లకూ వర్తిస్తుంది అంటారు. నాలుగిళ్ల వాడకం ఒకే మీటరు మీద పడితే 200 దాటకుండా ఉంటుందా? తెల్ల కార్డు ఉండి కూడా బిల్లు కట్టాల్సిందే.

అధ్యక్షులు రెండు నిమిషాలే అంటున్నారు. ఒక్క విషయం చెప్పకుండా దిగలేను.

మా బడిలో అటెండర్‌గా పనిచేసిన ఒకాయన ఉండేవాడు. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో కిరాయికి ఉన్నాడు, ఒక్క నెల కూడా బాకీ పెట్టలేదు. పాలమూరు ఆసుపత్రిలో చనిపోయాడు. అంబులెన్స్ ఇంటి ముందుకు వచ్చేసరికి ఓనరు గేటుకు తాళం వేశాడు. శవాన్ని లోపలికి తేవద్దు, ఇంటికి మంచిది కాదు అన్నాడు. బతిమిలాడాం. వినలేదు. రోడ్డు పక్కన వేపచెట్టు కింద టెంటు వేసి పడుకోబెట్టాం. స్నానం చేయించడానికి నీళ్లు అడిగితే మోటరు వేయలేదు. ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు కొనుక్కొచ్చి చేయించాం. ఆయన భార్య కట్టుకోవడానికి వేరే చీర కావాలంటే, పక్కింటి వాళ్ల గోడ దూకి తెచ్చాడు వాళ్ల పెద్దకొడుకు. దినాలు కూడా అక్కడ చేసుకోనివ్వలేదు. అడ్వాన్సులోంచి సున్నం పైసలు పట్టుకున్నాడు, శాంతిపూజ ఖర్చు కూడా పట్టుకున్నాడు. చావుకు కూడా కిరాయి వసూలు చేశాడండీ! అన్నేళ్లు కట్టిన డబ్బుకు ఆయనకు ఆ ఇంట్లో ఒక్క పూట దక్కలేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదని మీ అందరికీ తెలుసు. తల ఊపుతున్నారు కూడా. తల ఊపితే సరిపోదు. మున్సిపాలిటీ వాళ్లు ఇక్కడే ఉన్నారు. కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లకు చావు వస్తే శవాన్ని ఉంచుకోవడానికి నీళ్లు, లైట్లు ఉన్న ఒక హాలు కట్టించండి. అడగడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా అడుగుతున్నాను. ఎమ్మెల్యే గారికి ఈ సభ తరఫున ఒక వినతిపత్రం రాద్దాం. ఆ రెండు వేల హద్దును ఈనాటి కిరాయిలకు తగ్గట్టు మార్చమని అసెంబ్లీలో అడగమందాం. మొదటి సంతకం నేను పెడతాను. ఈ హాల్లో ఉన్న ఓనర్లూ, నెలనెలా రశీదు ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారు? ఒకసారి చెయ్యెత్తండి. చూశారు కదా.

గ్రంథాలయం వాళ్లకు నాదొక విన్నపం. నోటీసు బోర్డులో కొంత జాగ ఇవ్వండి. ఖాళీగా ఉన్న పోర్షన్ల వివరాలు, కిరాయి ఎంత, అడ్వాన్సు ఎంత, మీటరు వేరేగా ఉందా లేదా, రాసి అంటిద్దాం. బ్రోకర్‌కు పోసే కమిషన్ మిగులుతుంది.

నా చీటీ ఇప్పుడే ఇచ్చి దిగుతాను. మేడ మీద రెండు గదులు, వంటిల్లు. కిరాయి నాలుగున్నర వేలు, అడ్వాన్సు ఒక నెల, మీటరు వేరే. మీరేమిట్లు అని అడగను, ఏం వండుకుంటారని అడగను. ఒంటరి ఆడవాళ్లయినా ఇస్తాను. మంచైనా చెడైనా ఆ ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండో చీటీ ఎవరిస్తారు?