లావా ఎటు పారుతుందో ముందే చెప్పగలమా?

[తెర మీద: కొండ వాలు. దాని మీద సన్నని గళ్ళు పరుచుకుంటాయి.]

అగ్నిపర్వతం బద్దలైతే లావా ఎటు పోతుందన్న ప్రశ్నకు మొదటి జవాబు తేలికైనదే. అది పల్లానికి పోతుంది. అందుకే శాస్త్రవేత్తలు ముందుగా ఆ ప్రాంతపు ఎత్తుపల్లాలను కంప్యూటరులో గళ్ళుగా విడగొట్టి, ప్రతి గడి నుంచీ చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళలో అన్నిటికన్నా ఏటవాలుగా దిగే గడికి గీత గీసుకుంటూ పోతారు. వాన నీరు ఏ దారిన దిగుతుందో తేల్చే లెక్క కూడా ఇదే.

[తెర మీద: ఒక్క గీత వేల గీతలుగా చీలుతుంది.]

అయితే లావా నీరు కాదు. ఇంచుమించు 1,100 డిగ్రీల సెల్సియస్ వేడితో బయటికి వచ్చే బసాల్టు లావా తరచుగా కొన్ని మీటర్ల మందాన కదులుతుంది కాబట్టి, నీటిని పక్కకు తిప్పే చిన్న గట్టును అది అవలీలగా దాటేస్తుంది. ఇటలీ పరిశోధకులు రూపొందించిన డౌన్‌ఫ్లో అనే ప్రోగ్రాము దీనికి చక్కని ఉపాయం చూపింది. ప్రతి గడి ఎత్తులోనూ కొద్ది మీటర్లు అటూ ఇటూగా మార్చి దారిని కొత్తగా గీస్తారు; మళ్ళీ మార్చి మళ్ళీ గీస్తారు; ఇలా వేల సార్లు చేశాక ఎక్కువ గీతలు ఏ గళ్ళ మీదుగా పోయాయో, లావా అటు వచ్చే అవకాశం అంత ఎక్కువని లెక్కిస్తారు. ఒకే గీత గీసి ‘ఇదే దారి’ అని చెప్పడం కన్నా, అంచులు మసకగా ఉన్న ఇలాంటి పటాన్ని అధికారుల చేతిలో పెట్టడమే మేలని నా అభిప్రాయం.

దారి తెలిసినంత మాత్రాన దూరం తెలియదు. లావా ఎంత దూరం పోతుందన్నది ముఖ్యంగా అది ఎంత జోరుగా బయటికి వస్తోందన్నదాని మీద ఆధారపడుతుందని అగ్నిపర్వత శాస్త్రవేత్త జార్జ్ వాకర్ 1973లోనే చూపించారు. పైన గట్టిపడిన పొర కప్పులా మారి లోపల సొరంగం ఏర్పడితే మాత్రం లెక్క మారుతుంది. అందులో పారే లావా కిలోమీటరుకు ఇంచుమించు ఒక డిగ్రీ వేడినే కోల్పోతూ చాలా దూరం పోగలదు. వాలు తగ్గితే ఏమవుతుందో 2022 నవంబరులో హవాయిలోని మౌనా లోవా బద్దలైనప్పుడు కనిపించింది. దిగువన ఉన్న చదునైన నేలకు చేరగానే లావా వెడల్పుగా పరుచుకుని నెమ్మదించి, ప్రధాన రహదారికి సుమారు 2.8 కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది.

[తెర మీద: అడవి. నేలలో లోతైన పగులు.]

పటంలో లేనివి నేలలో ఉంటాయి. 2014లో హవాయిలోని పహోవా పట్టణం వైపు వచ్చిన లావా, అడవిలో ఒక లోతైన నేల పగులులోకి దిగి కనిపించకుండా పోయి, ఆ పగులు వెంటే సాగి ముందెక్కడో పైకి వచ్చింది. పైగా లావా తాను పారిన చోట కొత్త నేలను తానే కట్టుకుంటుంది. అంచులు గట్టిపడి గట్లు లేస్తాయి, నిన్నటి పల్లం నేడు మిట్ట అవుతుంది, నిన్నటి పటం పనికిరాకుండా పోతుంది. అందుకే విస్ఫోటనం సాగుతున్నన్నాళ్ళూ విమానాలు, డ్రోన్లతో ఎత్తులను కొలుస్తూ గీతలను తిరగ గీస్తుంటారు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, అసలు లావా ఎక్కడ బయటపడుతుందన్నది. 2018లో హవాయిలోని కిలావెయా అగ్నిపర్వతం తూర్పు వాలు దిగువన 24 పగుళ్ళు తెరుచుకున్నాయి; వాటిలో ఎనిమిదోది ఒక్కటే అత్యధిక లావాను కక్కి, సముద్రం దాకా కాలువ కట్టి, ఆ విస్ఫోటనంలో 700కు పైగా కట్టడాలు నాశనం కావడానికి ముఖ్య కారణమైంది.

[తెర మీద: ఐస్‌లాండ్. మట్టి గట్టు, దాని వెనక ఊరు.]

ఐస్‌లాండ్‌లోని గ్రిండవీక్ అనే ఊరి చుట్టూ లావా పటాలను ఆధారం చేసుకుని గట్లు కట్టారు. 2024 జనవరి 14 ఉదయం వచ్చిన లావాలో చాలా భాగాన్ని ఆ గట్లు పక్కకు మళ్ళించాయి కూడా. కానీ మధ్యాహ్నం గట్టుకు లోపలి వైపు, ఊరి అంచునే, మరో చిన్న పగులు తెరుచుకుని మూడు ఇళ్ళు కాలిపోయాయి. కాబట్టే ఈ లెక్కలను ఒక్క చోటు నుంచి కాక, పాత బిలాల స్థానాలు, నేల ఉబ్బు, భూకంపాల వరుస సూచించే అనేక చోట్ల నుంచి మొదలుపెడతారు. గ్రిండవీక్‌లో ఆ రోజు మనుషులను కాపాడింది లావా దారి పటం కాదు, తెల్లవారకముందే మొదలైన వరుస భూకంపాలు. వాటిని గమనించే ఊరిలో ఉన్నవారిని ముందే బయటికి పంపించారు.