యాప్ కూడా మీరే చేసిపెట్టండి అని క్లయింట్ అడిగితే

హోస్ట్: అందరికీ నమస్తే. ఈరోజు నాతో పాటు ఒక అక్క ఉన్నారు, చాలా ఏళ్లుగా ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్‌గా చేస్తున్నారు. డైరెక్ట్‌గా ప్రశ్నలోకి వెళ్లిపోదాం అక్కా. ఒకతను రాశాడు, ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌కి వర్డ్‌ప్రెస్‌లో సైట్ చేసిచ్చాడంట, వాళ్లకి బాగా నచ్చింది, ఇప్పుడు పేషెంట్లు రిపోర్టులు ఫోన్‌లో చూసుకోడానికి ఆండ్రాయిడ్ యాప్ కూడా మీరే చేసిపెట్టండి అంటున్నారంట. ఇతనికి యాప్స్ రావు. ఫ్లట్టర్ (యాప్స్ చేసే టూల్) తెలిసిన ఫ్రెండ్ ఉన్నాడు, పని వాడికిచ్చి నేను మధ్యలో ఉంటే తప్పా అంటున్నాడు.

గెస్ట్: తప్పేం లేదు, చాలామంది చేసేదే. పెళ్లి వంటలు ఒప్పుకున్న మాస్టర్ స్వీట్లు బయట చేయిస్తాడు కదా, జాంగ్రీ బాలేకపోతే పెళ్లివాళ్లు స్వీట్ షాప్‌కి వెళ్లి అడగరు, మాస్టర్‌నే నిలదీస్తారు. ఇక్కడా అంతే. యాప్ ఆగిపోతే ల్యాబ్ ఓనర్ ఫోన్ చేసేది ఇతనికే. కాబట్టి నేను అడిగేది ఒకటే, ఫ్రెండ్ తెచ్చిచ్చిన పని బాగుందో లేదో నువ్వు తేల్చగలవా? తేల్చలేకపోతే ఆ పని నీ పేరు మీద ఒప్పుకోకు, ఫ్రెండ్‌ని క్లయింట్‌కి పరిచయం చేసి పక్కకి జరుగు.

హోస్ట్: యాప్సే రావు అంటున్నాడు, ఇంక ఎలా తేలుస్తాడు అక్కా?

గెస్ట్: అన్నీ రాకపోవచ్చు గానీ ఇతనికి తెలిసింది చాలా ఉంది, అదే చాలామంది గుర్తించరు. యాప్ వెనక ఉండేది ఏపీఐ, అంటే యాప్ అడిగిన డేటాని సర్వర్ నుంచి తెచ్చిచ్చే దారి, అది వెబ్ వాళ్ల ఏరియానే కదా. ఒక పేషెంట్‌గా లాగిన్ అయ్యి, రిక్వెస్ట్‌లో రిపోర్ట్ నంబర్ ఒకటి మార్చి పంపమను, ఇంకొకరి రిపోర్ట్ ఓపెన్ అయిందంటే అక్కడితో ఆపెయ్యాలి, స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నా సరే. ఇది చూడ్డానికి ఫ్లట్టర్ రానక్కర్లేదు. ఇంకోటి, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ ఉంది కదా, కోడ్ మొదటి రోజు నుంచీ క్లయింట్ గిట్‌హబ్‌లోనో ఇతని గిట్‌హబ్‌లోనో ఉండాలి, చివర్లో జిప్ ఫైల్ పంపిస్తా అంటే ఒప్పుకోవద్దు. ఆ కోడ్ దించుకుని, రీడ్‌మీ (సూచనల ఫైల్) చదువుకుంటూ ఇతని లాప్‌టాప్‌లో ఇతనే బిల్డ్ తీయాలి, అంటే ఆ కోడ్‌ని ఫోన్‌లో వేసుకునే యాప్‌గా మార్చాలి. బిల్డ్ వచ్చిందా, రేపు ఫ్రెండ్‌కి ఏదో కంపెనీలో జాబ్ వచ్చి వెళ్లిపోయినా వేరే వాళ్లతో పని కొనసాగుతుంది. రాలేదా, మిగతా డబ్బు ఇవ్వకముందే తెలిసిపోయింది. తర్వాత తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో వేసి, రిపోర్ట్ డౌన్‌లోడ్ అవుతుండగా నెట్ ఆపి చూడాలి. ఫ్లట్టర్ కోడ్ లోపల ఎలా ఉందో చూడ్డానికి మాత్రం వేరే యాప్ డెవలపర్‌కి కొన్ని గంటలకి డబ్బిచ్చి చూపించుకోవాలి, ఆ ఖర్చు కొటేషన్‌లోనే వేసుకోవాలి.

హోస్ట్: ప్లే స్టోర్‌లో పెట్టడం సంగతి? ఫ్రెండ్ అకౌంట్‌లో పెట్టేద్దామనుకుంటున్నాడంట.

గెస్ట్: అది అస్సలు వద్దు. యాప్ ల్యాబ్ వాళ్ల అకౌంట్‌లోనే ఉండాలి. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన పర్సనల్ అకౌంట్ అయితే కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ (పిలిచిన వాళ్లే వాడి చూసే టెస్ట్) నడిపితే గానీ ప్రొడక్షన్‌కి, అంటే అందరికీ విడుదల చేయడానికి, అప్లై చేయనివ్వరు. పైగా ఇది మెడికల్ యాప్ కిందకి వస్తే ఆర్గనైజేషన్ అకౌంటే కావాలి, దానికి డన్స్ నంబర్ (వ్యాపార సంస్థలని గుర్తించే నంబర్) అడుగుతారు, అది చేతికి రావడానికి టైమ్ పడుతుంది. క్లయింట్‌కి నెలలో లైవ్ చేసేస్తాం అని మాటిచ్చేశాక ఇవన్నీ తెలిస్తే ఎంత ఇబ్బంది చెప్పు. రాని పని ఒప్పుకునేటప్పుడు దెబ్బ తగిలేది ఇక్కడే, కోడింగ్ ఎవరో ఒకరు చేస్తారు, చుట్టూ ఉన్న ఈ పనులకి ఎంత టైమ్ పడుతుందో మనకి అంచనా ఉండదు. అందుకే డేట్ చెప్పేముందు ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, నువ్వు ఇంతకుముందు పెట్టిన యాప్‌కి మొదటి నుంచి చివరిదాకా ఏమేం పట్టాయి అని అడగాలి. ఇంతకుముందు ఒక్క యాప్ కూడా స్టోర్‌లో పెట్టలేదంటే అతను ఈ పనికి సరిపోడు, ఎంత మంచి ఫ్రెండ్ అయినా.

హోస్ట్: పేపర్ వర్క్ ఎలా? ఫ్రెండే కదా అని వాట్సాప్‌లో మాట్లాడేసుకుంటారు.

గెస్ట్: ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం కోడ్ కూడా సాహిత్య రచన కిందే లెక్క, ఉద్యోగి కాకుండా బయటివాడు రాస్తే మొదటి హక్కు రాసినవాడిదే. డబ్బు ఇచ్చినంత మాత్రాన నీది అయిపోదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ పేపర్‌లో కాలం రాయకపోతే 5 ఏళ్లే అనుకుంటారు, ఎక్కడెక్కడ చెల్లుతుందో రాయకపోతే ఇండియాకే పరిమితం. అంటే ఫ్రెండ్ దగ్గర నువ్వు రాయించుకోకపోతే, క్లయింట్‌కి నువ్వు రాసిచ్చిన హక్కు అసలు నీ దగ్గర లేనిది. అదే పేపర్‌లో డేటా మాట కూడా ఉండాలి, ఇవి జనాల రక్త పరీక్షలు తమ్ముడూ, అసలు రిపోర్టులు ఫ్రెండ్ లాప్‌టాప్‌లోకి వెళ్లనే కూడదు, డమ్మీ డేటాతోనే పని చేయించాలి.

హోస్ట్: డబ్బు లెక్క? మూడు లక్షలకి ఒప్పుకుని రెండు లక్షలు ఫ్రెండ్‌కి ఇస్తే లక్ష మిగులుతుంది కదా అని రాశాడు.

గెస్ట్: అలా మిగలదు. ఫ్రీలాన్సర్లు చాలామంది ఖర్చుల లెక్కలు చూపక్కర్లేని ప్రిజంప్టివ్ పద్ధతిలో (పాత ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో 44ఏడీఏ) రిటర్న్ వేస్తారు, అందులో వచ్చిన మొత్తంలో కనీసం సగం ఆదాయంగా చూపించాలి. మూడు లక్షలు వస్తే లక్షన్నర చూపించాలి, చేతిలో ఉన్నదేమో లక్షే. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి ఉన్న ఏడాదికి 20 లక్షల లిమిట్‌లో కూడా ఆ మూడు లక్షలూ లెక్కకొస్తాయి. అందుకే ఒప్పుకోకముందే సీఏని అడగాలి. యాప్ బిల్లు ఫ్రెండ్‌కి క్లయింట్ నేరుగా కట్టి, టెస్టింగ్‌కీ కోఆర్డినేషన్‌కీ ఇతను వేరే ఫీజు తీసుకోవడం నాకు ఎక్కువ నచ్చుతుంది. అలా చేస్తే ఫ్రెండ్ ఉన్నాడన్న సంగతి దాచాల్సిన పని కూడా ఉండదు, అసలు చాలా కాంట్రాక్టుల్లో క్లయింట్ అనుమతి లేకుండా పని బయటికి ఇవ్వకూడదని ఉంటుంది, చదువుకోవాలి.

ఇంకోటి, తన చేతి మీదుగానే కట్టేటట్టయితే, "క్లయింట్ ఇచ్చాక ఇస్తాలే" అనే మాట ఎప్పుడూ అనొద్దు. నాకు చాలా బాధనిపించేది ఇదే. ఆ అబ్బాయి రాత్రిళ్లు కూర్చుని పని పూర్తిచేశాడు, క్లయింట్ లేట్ చేస్తే దానికి అతనేం చేస్తాడు? అడ్వాన్స్ తీసుకో, స్టేజీల వారీగా తీసుకో, ఫ్రెండ్‌కి ఇవ్వాల్సింది మాత్రం చెప్పిన తేదీకి ఇచ్చెయ్. అలా ఇవ్వలేను అనుకుంటే సబ్‌కాంట్రాక్ట్ జోలికి వెళ్లకు.

హోస్ట్: లైవ్ అయిపోయాక?

గెస్ట్: అయిపోదు అది. గూగుల్ ఏటా టార్గెట్ వెర్షన్, అంటే యాప్ ఏ ఆండ్రాయిడ్‌కి తగ్గట్టు తయారవ్వాలో ఆ వెర్షన్, పెంచుతుంది, 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్స్, అప్‌డేట్స్ ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేయాలన్నారు. యాప్‌ని ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే ఒకరోజు కొత్త ఫోన్లవాళ్లకి స్టోర్‌లో కనపడకుండా పోతుంది. కాబట్టి ఏడాది మెయింటెనెన్స్ ఎవరు చూస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది ముందే రాసుకోవాలి, ఆ డబ్బులో ఫ్రెండ్ వాటా కూడా రాసుకోవాలి.

హోస్ట్: అయితే ఇతను రేపు ల్యాబ్ వాళ్లకి ఏమని చెప్పాలి?

గెస్ట్: ఉన్నది ఉన్నట్టు చెప్పమను. "సార్, యాప్ నేను రాయను, రాసే అతన్ని నేను తీసుకొస్తా, టెస్టింగ్, సెక్యూరిటీ నేను చూసుకుంటా, ఇద్దరి పేర్లతో కొటేషన్ ఇస్తాం." నా అనుభవంలో ఇలా చెబితే వద్దన్న వాళ్లు తక్కువ, చెప్పకుండా చేశాక తెలిస్తేనే గొడవ.

హోస్ట్: మరి డన్స్ నంబర్ ఎవరు అప్లై చేయాలి అక్కా?

గెస్ట్: ల్యాబ్ వాళ్లే, వాళ్ల రిజిస్ట్రేషన్‌లో పేరూ అడ్రసూ ఎలా ఉన్నాయో అలాగే. ముందు అది ఈ వారమే మొదలుపెట్టమను, కోడింగ్ సంగతి ఆ తర్వాత.